శ్రీనాథుడి శిస్తు బకాయి

విజయనగరంలో ప్రౌఢదేవరాయల కొలువులో గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి, అతని కంచుఢక్కను పగులగొట్టించి, దీనారాలతో స్నానమాడిన శ్రీనాథుడి కథ బడిలో తెలుగు వాచకం చదివిన ఎవరికైనా గుర్తుంటుంది. ఆ కథకు రెండో సగం ఒకటి ఉంది. రెడ్డిరాజ్యం పోయింది, ఆదరించిన ప్రభువులు ఒక్కొక్కరే కన్నుమూశారు. ముసలి కవి కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో పొలం గుత్తకు పట్టాడు. ఏరు పొంగి పైరు కొట్టుకుపోయింది. మిగిలిన నువ్వులూ పెసలూ పిట్టలు తినేశాయి. కట్టాల్సిన శిస్తు 700 టంకాలు, చేతిలో చిల్లిగవ్వ లేదు. కాళ్లకు సంకెళ్లు వేసి, భుజాన నల్లగుండు ఎత్తి, ఎర్రటి ఎండలో వీధిలో నిలబెట్టారని ఆయన పేరున్న చాటుపద్యాలు చెబుతాయి.

ఆ గుండు ఎత్తించిన అధికారి తప్పు చేశాడా? లెక్క ప్రకారం చూస్తే లేదు. శిస్తు పడింది రైతు మీద, కవి మీద కాదు. నైషధం రాసినవాడికి వరద మాఫీ వేరే ఇవ్వాలని ఏ శాసనంలోనూ లేదు. అధికారి సంగతి సరే, కనకాభిషేకం చేసిన రాజు ఒప్పు చేశాడా? ఆ దీనారాలు కూడా ఎక్కడో ఏదో ఊళ్లో ఇలాంటి రైతే కట్టిన శిస్తు. ఒక రైతు మెడ వంచి తెచ్చిన సొమ్ము ఒక కవి నెత్తిన పోశారు, కవి రైతయ్యాక అతని మెడా వంచారు. రాజ్యం కళాకారుడికి ఇచ్చేది దానమా, పెట్టుబడా, బాకీ తీర్చడమా అన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఇది ఆర్థికశాస్త్రం తేల్చే ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, మన పెద్దలు దీన్ని ధర్మశాస్త్రంలో పెట్టి తర్కించారు.

ఇప్పటి రాజ్యం నెత్తిన దీనారాలు పోయదు. వసూలు చేయాల్సినదాన్ని వసూలు చేయకుండా వదిలేస్తుంది. 2016లో మొదలైన స్టార్టప్ ఇండియా పథకం కింద గుర్తింపు పొందిన కొత్త కంపెనీకి, అంతర మంత్రిత్వ మండలి ధ్రువపత్రం కూడా చేతికొస్తే, మూడేళ్ల లాభాల మీద ఆదాయపు పన్ను పూర్తిగా మినహాయింపు. మొదట ఆ మూడేళ్లను తొలి ఐదేళ్లలోనే ఎంచుకోవాలన్నారు. 2017లో దాన్ని ఏడేళ్లు చేశారు, 2020లో పదేళ్లు చేశారు. ఈ సవరణల వెనక ఆలస్యంగా కలిగిన తెలివి ఉంది. లాభం వస్తేనే పన్ను, పన్ను పడితేనే మినహాయింపు. బొమ్మలు గీసేవాళ్లకు, వీడియో ఆటలు తయారుచేసేవాళ్లకు, సినిమాలకు గ్రాఫిక్స్ చేసేవాళ్లకు మొదటి ఐదేళ్లలో లాభం కళ్లచూడటం అరుదు. హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ 2000ల మొదట్లో పుట్టింది. దాని ఛోటా భీమ్ పోగో ఛానెల్‌లో పిల్లల ముందుకొచ్చింది 2008లో. పాత నియమమే అప్పుడుండి ఉంటే, లడ్డూ తినే ఆ పిల్లాడు తెరమీదికి రాకముందే గడువు దాటిపోయేది. తెలంగాణ ప్రభుత్వం కూడా 2016లో యానిమేషన్, గేమింగ్ రంగానికి ప్రత్యేక విధానం ప్రకటించింది. ఒక్క దశాబ్దంలో ఈ రంగం ప్రభుత్వాల నోట 'వినోదం' నుంచి 'పరిశ్రమ'గా మారిపోయింది.

మరి ఈ వదిలేయడాన్ని ఏమనాలి? గీత పదిహేడో అధ్యాయంలో దానానికి మూడు మెట్లున్నాయి. ఇవ్వడం విధి అనుకుని, తిరిగి ఉపకారం చేయలేని వాడికి, దేశకాలపాత్రలు చూసి ఇచ్చేది సాత్వికం. ప్రతిఫలం ఆశించి, మనసులో మూలుగుతూ ఇచ్చేది రాజసం. అపాత్రుడికి, అవమానపరుస్తూ ఇచ్చేది తామసం. ఈ కొలబద్ద పెడితే ప్రభుత్వం ఇచ్చే పన్ను రాయితీ ఏ మెట్టు మీద ఉందో దాని నోటిఫికేషనే చెప్పేస్తుంది. స్టార్టప్ నిర్వచనంలోనే ఉద్యోగ కల్పన, సంపద సృష్టి అన్న మాటలున్నాయి. అంటే ఉత్తర్వులోనే ప్రతిఫలం రాసిపెట్టుకున్న దానం, చక్కటి రాజసం. అర్జీదారును నాలుగు ఆఫీసుల చుట్టూ తిప్పి, నీ కళలో కొత్తేముందని వెటకారంగా అడిగి ఇస్తే అది ఇంకో మెట్టు కిందికి జారుతుంది.

రాజసం అన్నంత మాత్రాన చెడ్డదని కాదు. రాజ్యం చేసే పని రాజసం కాక ఏమవుతుంది? అసలు చిక్కు పుచ్చుకునేవాడి వైపు ఉంది. గీత ఉన్న భీష్మపర్వంలోనే, అది ముగిసిన కాసేపటికే, ధర్మరాజు కవచం విప్పి కాలినడకన శత్రుసేనలోకి వెళ్లి భీష్ముడి పాదాలంటుకుంటాడు. ఆ మహాజ్ఞాని అప్పుడు చెప్పేది చిన్న మాటే. మనిషి అర్థానికి దాసుడు, అర్థం ఎవరికీ దాసి కాదు, కౌరవుల సొమ్ముతో నేను కట్టుబడిపోయాను. ద్రోణుడూ కృపుడూ శల్యుడూ తమ వంతు వచ్చినప్పుడు ఇదే మాట అప్పజెబుతారు. అర్జునుడి రథం దగ్గర దానం మీద సిద్ధాంతం, వంద బారల అవతల ఆ దానం మనిషినేం చేస్తుందో ఉదాహరణ. సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు ధర్మం సూక్ష్మమన్న పితామహుడు ఉప్పు లెక్క మాత్రం తడుముకోకుండా చెప్పాడు. మనుస్మృతి అయితే ఇంకా కటువుగా మాట్లాడుతుంది. రాజు దగ్గర దానం పట్టడం పదివేల కసాయిశాలలు నడిపేవాడి దగ్గర చేయి చాచడంతో సమానమంటుంది. అగ్రహారాలు అందుకున్నవాళ్లు కంఠతా పెట్టిన గ్రంథం ఇదేనన్నది వేరే ముచ్చట.

కవులకు ఈ భయం పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. పోతన కన్నీళ్లు పెట్టుకున్న సరస్వతిని ఓదార్చి, నిన్ను రాజులకు అమ్మనని మాటిచ్చాడన్న చాటువు తెలుగునాట భాగవతమంత ప్రసిద్ధం. లక్ష్మికీ సరస్వతికీ పడదని, వాళ్లిద్దరూ అత్తాకోడళ్లని చెప్పుకునే నవ్వులాట వెనకా ఈ అనుమానమే ఉంది.

ఒక తేడా మాత్రం ఈ పెద్దలెవరికీ అనుభవంలో లేదు. వాళ్లకు తెలిసిన దాత ఎప్పుడూ ఒక మనిషి. అతనికి పేరుంది, ముఖముంది, అలకలున్నాయి. ఒక సెక్షన్ కింద వచ్చే మినహాయింపుకు ముఖం లేదు. షరతులకు సరిపోయిన ప్రతివాళ్లకూ అది దక్కుతుంది, ఎవరికీ రుణపడాల్సిన పని లేదు. పాత పద్ధతిలో పన్ను కట్టే రచయితకు పుస్తకాల రాయల్టీ మీద ఏడాదికి 3 లక్షల దాకా మినహాయింపు ఉంది. ఆ లెక్క రాసుకునే కథకుడు ఏ ఆర్థికమంత్రికీ అంకితపద్యం రాయనక్కర్లేదు. (పాఠ్యపుస్తకాలకు, గైడ్లకు, పత్రికా రచనకు ఆ సదుపాయం లేదు. పత్రికావ్యాసకర్తలు గమనించగలరు.) ఈ కోణంలో చూస్తే కనకాభిషేకం కన్నా ఎండిపోయిన చట్టభాషే కళాకారుడి ఆత్మగౌరవానికి మేలు. భీష్ముణ్ణి కట్టేసిన ఉప్పు ఇందులో లేదు.

కానీ ఆ ముఖం ఏదో ఒక కిటికీలోంచి తొంగిచూస్తూనే ఉంటుంది. స్టార్టప్ గుర్తింపు ఒక్కటే చాలదు, మండలి ధ్రువపత్రం కావాలి. మండలిలో మనుషులుంటారు. ఇంకో దారి గడువు. పాతకాలపు భూదాన శాసనాల చివర శాపాలు చెక్కేవాళ్లు. ఈ భూమిని తానిచ్చినా ఇతరులిచ్చినా లాక్కున్నవాడు అరవైవేల ఏళ్లు పురుగై పుడతాడని తర్వాతి రాజులకు బెదిరింపు. అది చాదస్తంగా అనిపించవచ్చు, పని చేసినది మాత్రం రాజ్యాంగ హామీలా. ఇచ్చిన రాజు పోయినా, అతని మూడ్ మారినా, దానం నిలవాలి. స్టార్టప్ మినహాయింపుకు అలాంటి శాపం లేదు, తేదీ ఉంది. ఏ తేదీలోపు కంపెనీ పుట్టాలన్నది బడ్జెట్టు బడ్జెట్టుకూ పొడిగిస్తూ వచ్చారు, 2025లో ఒకేసారి 2030 ఏప్రిల్ 1 దాకా జరిపారు. ఏడాదికోసారి దాత ముఖం కేసి చూడాల్సిన అవస్థ అయిదేళ్లకోసారికి తగ్గింది, అదీ సంతోషమే.

ముఖం లేని దానానికి తెలుగువాళ్ల చరిత్రలో గొప్ప ఉదాహరణ ఒక గోల్కొండ సుల్తానుది కావడం విచిత్రం. కుతుబ్‌షాహీల్లో చివరివాడు అబుల్ హసన్ తానీషా కృష్ణా తీరంలో భాగవతుల ఆట చూసి, కూచిపూడి గ్రామాన్ని ఆ కుటుంబాలకు అగ్రహారంగా రాసిచ్చాడని సంప్రదాయం చెబుతుంది. 1678 అని చెప్పుకుంటారు. పన్ను లేని ఊరు, ఇప్పటి భాషలో సృజనాత్మక పరిశ్రమకు పన్ను రహిత మండలం. ఆడేది కృష్ణకథ, ఇచ్చేది షియా ముస్లిం ప్రభువు. నా మీద ఒక దరువు కట్టండి అన్న షరతు ఆ కథలో ఎక్కడా వినిపించదు. షరతు పెట్టింది సిద్ధేంద్రయోగి. ఆ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని ఒట్టు వేయించుకున్నాడంటారు. భూమి రాజ్యం నుంచి, నియమం కళ నుంచి. ఇంత శుభ్రమైన విభజన నేటి విధాన పత్రాల్లో వెతికినా దొరకదు.

అదే తానీషా అదే కాలంలో ఇంకొకణ్ణి పన్నెండేళ్లు చెరసాలలో పెట్టాడని జనం చెప్పుకుంటారు. కంచెర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారు, భద్రాద్రి రామదాసు. వసూలు చేసిన శిస్తును ఖజానాకు పంపకుండా గుడి కట్టించాడు. కథలో బకాయి ఆరు లక్షల వరహాలు. ఖైదులో ఆయన పాడుకున్న కీర్తనల్లో ఒకటి అచ్చం ఖర్చుల పద్దు. సీతమ్మకు ఏ నగ చేయించాడో, లక్ష్మణుడికి ఏది, దానికెంత పట్టిందో లెక్కచెబుతూ ఎవడబ్బ సొమ్మని నిలదీస్తుంది. లోకంలో భక్తి పాటలెన్ని ఉన్నా ఆడిట్ అభ్యంతరానికి జవాబుగా పుట్టినవి తక్కువ. చివరికి రామలక్ష్మణులే వచ్చి పైకం చెల్లించారని కథ. దాన్ని నమ్మనివాళ్లకు కూడా అందులోని న్యాయం గమనార్హం. దేవుడు సుల్తానును శపించలేదు, బాకీ కట్టాడు. పన్నుసొమ్ము ప్రభువుదని, దాన్ని ఎంత మంచి పనికైనా ఒక ఉద్యోగి తన ఇష్టానికి మళ్లించకూడదని రాముడే ఒప్పుకున్నట్టు. శ్రీరామనవమికి ముత్యాల తలంబ్రాలు ఈనాటికీ ప్రభుత్వం తరఫునే వెళుతున్నాయి.

కూచిపూడినీ భద్రాచలాన్నీ పక్కపక్కన పెడితే ఒక గీత కనబడుతుంది. రాజ్యం బహిరంగంగా, ముందే, అందరికీ తెలిసేలా వదులుకున్నది కళకు పోవచ్చు. చాటుగా, ఒకరి అభిరుచిని బట్టి మళ్లించినది భక్తికి పోయినా నేరమే. ఈ గీతను మన ప్రభుత్వాలు సినిమాల దగ్గర చాలాసార్లు చెరిపేశాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం 'రుద్రమదేవి'కి వినోదపు పన్ను మినహాయించింది. 2017లో 'గౌతమీపుత్ర శాతకర్ణి'కి రెండు తెలుగు రాష్ట్రాలూ మినహాయించాయి. రెండింటిలోనూ పెద్ద తారలున్నారు, రెండింటి కథా మన రాజులదే. ఆ చిత్రాలు బాగున్నాయా లేదా అన్నది ఇక్కడ అనవసరం. ఒక్కో సినిమాకు ఒక్కో ఉత్తర్వు ఇచ్చినప్పుడు ప్రభుత్వం కళను ఆదరించడం లేదు, తనకు నచ్చిన కథను ఎంచుకుంటోంది. అదే వారం విడుదలైన, ఏ రాజూ లేని చిన్న సినిమా తీసిన కుర్రాడు పూర్తి పన్ను కట్టాడు.

అర్థశాస్త్రంలో కౌటిల్యుడి మనసూ ఈ విషయంలో నిలకడగా లేదు. కొత్తగా వెలసిన పల్లెల్లో నటులూ గాయకులూ చేరి వ్యవసాయప్పనులు చెడగొట్టకూడదంటాడు. పరదేశం నుంచి వచ్చిన బృందం ప్రదర్శనకు 5 పణాలు కట్టాలంటాడు. ఈ సుంకం మాట ఉన్న అధ్యాయంలోనే, గణికలకూ రంగస్థలం మీద బతికేవాళ్లకూ పాట, ఆట, వాద్యం, చిత్రలేఖనం నేర్పే గురువులకు జీతం రాజు ఖర్చుతో ఇవ్వాలంటాడు. ఒకచోట నిషేధం, ఒకచోట సుంకం, ఒకచోట జీతం. నవ్వుకోనక్కర్లేదు, ఏ బడ్జెట్ ప్రసంగం తిప్పినా ఈ మూడూ దొరుకుతాయి. కౌటిల్యుడు డబ్బు పెట్టింది తయారైన నాటకం మీద కాదు, నేర్పే గురువు మీద. ఆ ఎంపికలో చాణక్యం ఉంది.

ఇంతకన్నా సూటిగా మాట్లాడింది బౌద్ధం. దీఘనికాయంలోని కూటదంత సూత్రంలో బుద్ధుడు మహావిజితుడనే రాజు కథ చెబుతాడు. రాజుకు మహాయజ్ఞం చేయాలని కోరిక, రాజ్యమంతా దొంగల బెడద. కొత్త పన్ను వేయడం అధర్మమని పురోహితుడు అడ్డం పడతాడు. దొంగల్ని చంపినా, కట్టేసినా మిగిలినవాళ్లు మళ్లీ లేస్తారని చెప్పి ఉపాయం ఇస్తాడు. సేద్యం చేసేవాడికి విత్తనమూ మేతా ఇవ్వు, వర్తకం చేసేవాడికి మూలధనం ఇవ్వు, కొలువు చేసేవాడికి కూడూ జీతమూ ఇవ్వు. రాజు అలాగే చేస్తాడు. ఖజానా నిండుతుంది, జనం తలుపులు తెరిచి పడుకుంటారు, పిల్లల్ని చేతుల్లో ఆడిస్తారు. కొత్త వ్యాపారికి ప్రభుత్వ మూలధనం అనే ఆలోచనకు ఇంత పాత ప్రస్తావన అరుదు. ప్రతిఫలం ఇక్కడా ఉంది, గీత చెప్పిన రాజసమే. అయితే ఆ ప్రతిఫలం దాత కీర్తిగా కాక అందరి ఇంటి తలుపుగా వచ్చింది.

ఆ జాబితాలో నటుడు లేడన్నది నిజం. ఉండే వీలూ లేదేమో. సంయుత్తనికాయంలో తాలపుటుడనే నాటకబృంద నాయకుడు, జనాన్ని నవ్వించిన నటులు చనిపోయాక నవ్వుల దేవతల లోకానికి వెళతారంటారు కదా అని బుద్ధుణ్ణి అడుగుతాడు. అడగొద్దని బుద్ధుడు వారిస్తాడు. పట్టుబట్టి మళ్లీ మళ్లీ అడిగితే, నరకానికని చెబుతాడు. తాలపుటుడు ఏడ్చేస్తాడు. కళాకారుడికి రాయితీ ఇవ్వాలా అన్న చర్చకు ముందు, కళ అసలు మంచిపనేనా అన్న చర్చను ఇంత కఠోరంగా తేల్చినవాళ్లు తక్కువ. అయినా ఆ ధర్మమే కృష్ణ ఒడ్డున అమరావతిలో అన్నాళ్లు శిల్పులకు పని కల్పించింది. అక్కడ ఫలకాలు వేయించింది రాజులొక్కరే కాదు. వర్తకులు, గృహిణులు, భిక్షుణులు, విధికుడనే చర్మకారుడు కూడా తమ పేర్లు చెక్కించుకున్నారు. రాజు ఒక్కడే ముఖమైతే శిల్పి అతని ముఖమే చెక్కాలి. వంద ముఖాలున్నప్పుడు తన పని తను చేసుకుంటాడు.

ఈ మాటనే ఇంకో దారిలో అమెరికన్ న్యాయతత్వవేత్త రొనాల్డ్ డ్వార్కిన్ 1980లలో వాదించాడు. భాషలాగే సంస్కృతీ మనకు వారసత్వంగా దక్కే కట్టడం, దాన్ని సంపన్నంగా ఉంచడం రాజ్యం బాధ్యత, అందులో ఏది ఉత్తమమో తేల్చడం కాదు అన్నాడు. అందుకే నేరుగా నిధులివ్వడం కన్నా పన్ను మినహాయింపుల వైపు మొగ్గాడు.

ఐర్లాండ్ ఆ దారిలో చాలా ముందే నడిచింది. 1969లో ఆర్థికమంత్రి చార్లెస్ హాహీ రచయితలు, స్వరకర్తలు, చిత్రకారులు, శిల్పుల సృజన మీద వచ్చే ఆదాయానికి పన్ను తీసేశాడు. ఒక పని కొత్తదా, దానికి సాంస్కృతిక విలువ ఉందా అన్నది ఆర్ట్స్ కౌన్సిల్ మార్గదర్శకాలు పెట్టుకుని పన్నుశాఖే తేల్చాలి. పద్యం బాగుందో లేదో ఇన్‌కంటాక్స్ ఆఫీసరు చెప్పడమన్న మాట. మాఫీ పెద్దచేపలకే కలిసొస్తోందన్న విమర్శ ముదిరి, 2007 నుంచి ఏడాదికి రెండున్నర లక్షల యూరోలకు పరిమితి పెట్టారు. ఆ పరిమితి వస్తుందనగానే 2006లో యూటూ బృందం తన పాటల హక్కుల వ్యాపారాన్ని నెదర్లాండ్స్‌కు తరలించింది. ఆర్థిక సంక్షోభం తర్వాత 2011లో పరిమితిని 40,000కు దించారు, 2015లో 50,000 చేశారు. లాభం మీద మాఫీ ఇస్తే లాభమున్నవాడికే చేరుతుందని తెలుసుకోవడానికి ఆ దేశానికి నాలుగు దశాబ్దాలు పట్టింది.

2022లో వాళ్లు అసలు లాభం సంగతే పక్కన పెట్టారు. 2,000 మంది కళాకారులకు వారానికి 325 యూరోలు, ఏం రాశావు, ఏం గీశావని అడగకుండా. దరఖాస్తులు 9,000 దాటాయి, అర్హులే 8,000 పైన ఉన్నారు. వాళ్లలో 2,000 మందిని చీటీ తీసినట్టు ఎంపిక చేశారు. గొప్ప కవినీ మామూలు కవినీ వేరు చేసే ప్రయత్నమే చేయలేదు. పాత్రత చూడమన్న గీతావాక్యానికి ఇది విరుద్ధమని పండితుడు అభ్యంతరం చెప్పవచ్చు. తెలుగు భక్తుడికి మాత్రం వింతగా ఉండదు. తిరుమలలో సుప్రభాతం, తోమాల టికెట్లు ఏళ్లుగా లక్కీ డిప్‌లోనే ఇస్తున్నారు. అక్కడ ఎవరి భక్తి ఎంతో కొలిచే అధికారం ఏ ఉద్యోగికీ లేదు, కాబట్టి కొలవరు. ఎవరి కళ ఎంతో కొలిచే అధికారం తమకు లేదని ఒక ప్రభుత్వం ఒప్పుకోవడం అంతకన్నా పెద్ద విషయం, ఎందుకంటే ప్రభుత్వాలకు అలాంటి వినయం అలవాటు లేదు.

అయితే చీటీ గిన్నెలో ఎవరి పేర్లు వేయాలన్నది ముందే తేలాలి. పాత అగ్రహారాల గిన్నెలో కొన్ని కులాల పేర్లే పడ్డాయి. చిందు భాగవతులకు మాదిగవాడల్లో మిరాసీ ఉండేది, అది వాడ ఇచ్చిన హక్కు, ఏ రాజూ ఇచ్చిన మాన్యం కాదు. సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలు రాత్రి ఆటలు తగ్గిపోయాక అదే తోలుతో దీపపు గూళ్లు, తెరలు చేసి అమ్ముతున్నాయి. 2020లో అక్కడి దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. పాత విద్యకు కొత్త సరుకు, కొత్త సంత. స్టార్టప్ అన్న మాటకు ఇంతకన్నా దగ్గరి అర్థం దొరకదు. కానీ ఆదాయపు పన్ను మినహాయింపు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకీ, ఎల్ఎల్‌పీకీ మాత్రమే. ఇంట్లో నలుగురు కూచుని చేసుకునే పనికి అది వర్తించదు. చట్టం కొలిచే యవ్వనం కూడా కంపెనీదే, మనిషిది కాదు. యాభై ఏళ్ల వ్యాపారి నిన్న పెట్టిన సంస్థ దాని దృష్టిలో పసిబిడ్డ, పద్దెనిమిదేళ్ల పిల్ల తాత దగ్గర నేర్చుకున్న పని దాని దృష్టిలో ఏమీ కాదు.

మరోవైపు ఆంధ్రప్రదేశ్ సామాజిక పింఛన్ల జాబితాలో డప్పు కళాకారుడికి చోటుంది, వయసు 50 దాటితే. అప్పుడతను కంపెనీ కానక్కర్లేదు, కళాకారుడైతే చాలు. పాతికేళ్ల వయసులో, చేతుల్లో బలం ఉండగా, దళం కట్టి పెళ్లిళ్లకూ సినిమా రికార్డింగులకూ తిరిగేటప్పుడు మాత్రం ఆ పేరుతో అతనికి ఏ గడీ లేదు. మినహాయింపు కావాలంటే దళాన్ని ఎల్ఎల్‌పీగా నమోదు చేయాలి, ఏటా లెక్కలు దాఖలు చేయాలి, గుర్తింపు దరఖాస్తులో తమ పనిలోని నూతన ఆవిష్కరణ ఏమిటో క్లుప్తంగా రాయాలి.